స్టవ్ పేలిందట!

"వంట చేస్తుండగా స్టవ్ పేలి వివాహిత మృతి." జిల్లా అనుబంధం లోపలి పేజీలో నాలుగు వాక్యాలతో ముగిసిపోయే ఈ వార్త చదవని వాళ్లు మనలో ఉండరు. ఎనభైలలో, తొంభైలలో మహిళా సంఘాలు దాచుకున్న పత్రికా కత్తిరింపుల ఫైళ్లు తిరగేస్తే ఆ ఒక్క వాక్యమే ఊరి పేరు మార్చుకుని, వయసు మార్చుకుని మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. స్టవ్ పేలింది, చీరకు నిప్పంటుకుంది, ఆసుపత్రికి తీసుకువెళ్లేలోగా ప్రాణం పోయింది. అత్తగారి చెయ్యి కాలలేదు. గోడ మీది క్యాలెండర్ కాలలేదు. ఇరవై రెండేళ్ల కోడలు మాత్రం కాలిపోయింది.

ఈసారి సంపాదకీయానికి పొయ్యి శుభ్రం, పొయ్యి సంరక్షణ అనే విషయం తీసుకున్నామంటే కొందరు పాఠకులు నొసలు చిట్లించవచ్చు. హక్కుల పత్రికలో వంటింటి చిట్కాలేమిటి? స్త్రీని వంటింటి నుంచి బయటకు తేవాలని ఇన్నేళ్లు మాట్లాడి, ఇప్పుడు బర్నర్ తోమడం నేర్పుతారా? ఈ వాదన సంపాదకవర్గంలోనే జరిగింది. చివరికి మేము అనుకున్నది ఇది: పొయ్యిని తుడిచే బాధ్యతను ఈ సమాజం పూర్తిగా స్త్రీకి అప్పగించింది. కానీ ఆ పొయ్యి ఎలా పనిచేస్తుందో, ఎక్కడ చెడుతుందో, ఎప్పుడు ప్రాణం తీస్తుందో తెలుసుకునే జ్ఞానాన్ని, దాన్ని మార్చడానికి కావలసిన డబ్బును, నిర్ణయాధికారాన్ని అప్పగించలేదు. ప్రమాదం జరిగినప్పుడు మాత్రం తప్పు ఆమెదే. "జాగ్రత్తగా ఉండలేదు" అంటారు. ఆమెను ఎవరైనా చంపినప్పుడు కూడా అదే మాట వాళ్లకు కవచమవుతుంది. అందువల్ల పొయ్యి గురించి తెలుసుకోవడం చిట్కాల వ్యవహారం కాదు. అది మన రక్షణకు కావాలి, మన సాక్ష్యానికీ కావాలి.

2009లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం, 2001లో భారతదేశంలో నిప్పు వల్ల జరిగిన మరణాలను సుమారు 1,63,000గా అంచనా వేసింది. అందులో సుమారు 1,06,000 మంది స్త్రీలు. వాళ్లలో ఎక్కువమంది పదిహేను నుంచి ముప్పై నాలుగేళ్ల లోపు వాళ్లు. పోలీసు లెక్కల్లో కనిపించే సంఖ్యకు ఇది దాదాపు ఆరు రెట్లు. అంటే ఆరుగురు కాలిపోతే ఒక్కరే పోలీసు రికార్డులోకి ఎక్కారు. మిగిలినవాళ్లలో ఎందరిని చంపారు, ఎందరు ఆత్మహత్య చేసుకున్నారు, ఎందరు నిజంగా ప్రమాదానికి గురయ్యారు? ఎవరూ విడదీసి చూడలేదు. విడదీయడానికి కావలసిన ప్రశ్నలు ఆ వంటింట్లో నిలబడి ఎవరూ అడగలేదు.

మేమూ అడగలేదు. ఇది ఒప్పుకోవలసిన విషయం.

2000ల మధ్యలో నా పరిశోధన పని మీద ఒక ప్రభుత్వ ఆసుపత్రి కాలిన గాయాల వార్డులో కొన్ని నెలలు తిరిగాను. అక్కడ ఒక యువతి, ముప్పై లోపే ఉంటుంది, "నాకెవరూ ఏమీ చెయ్యలేదక్కా, స్టవ్ మండుతుంటేనే కిరసనాయిలు పోశాను" అని వచ్చినవాళ్లందరికీ చెప్పింది. భర్త రాత్రి డ్యూటీకి వెళ్లే వేళ, అన్నం సగం ఉడికింది, నూనె అయిపోయింది. ఆర్పి, చల్లారాక పోసి, మళ్లీ వెలిగించేంత వ్యవధి లేదు. ఎవరమూ నమ్మలేదు. భర్తకు భయపడి అలా చెబుతోందని నోటు పుస్తకాల్లో రాసుకున్నాం. మూడోసారి అడిగినప్పుడు ఆమె ముఖం తిప్పుకుంది. తర్వాత ఆ స్టవ్ చూశాను. పది వత్తుల స్టవ్‌లో ఏడు వత్తులే ఉన్నాయి. మూడు గొట్టాలు ఖాళీగా నోరు తెరుచుకుని ఉన్నాయి. కొత్త వత్తులకు డబ్బు అడిగితే వచ్చే నెల చూద్దామన్నారట.

అదే వార్డులో మరో మంచం మీద స్టవ్ పేలి కాలిపోయిందని రాసి ఉన్న మరో అమ్మాయి చనిపోయింది. ఆ స్టవ్‌ను ఎవరూ చూడలేదు. పంచనామాలో "స్టవ్ పేలిన కారణంగా" అని రాశారు తప్ప, ట్యాంకు చీలిందా, బర్నర్ ఊడిందా, లోపల కిరసనాయిలు ఎంత మిగిలింది అన్న ముక్క ఒక్కటీ లేదు. వారం తరువాత ఆ ఇంటికి వెళితే అదే స్టవ్ మీద టీ కాస్తున్నారు. పేలిన స్టవ్ మీద!

మొదటి ఆమెను అపనమ్మకంతో బాధపెట్టాం. రెండో ఆమెకు కావలసిన సాక్ష్యం కళ్లముందు ఉండగా వదిలేశాం. రెండు చోట్లా మా లోపం ఒకటే. స్త్రీ జీవితంలో సగం గడిచే ఆ యంత్రం గురించి మాకు, సిద్ధాంతాలు చదువుకున్నవాళ్లకు, ఏమీ తెలియదు.

కిరసనాయిలు స్టవ్‌లు ఇవాళ చాలా ఇళ్లలో అటకెక్కాయి. అయినా కూలి పనికి వలస వచ్చి రేకుల గదుల్లో ఉండేవాళ్ల దగ్గర ఇంకా కనిపిస్తాయి. పాత కేసులు ఇంకా కోర్టుల్లో ఉన్నాయి. కనుక దాని సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. వత్తుల స్టవ్‌లో ట్యాంకులోని నూనె వత్తుల గుండా పైకి వచ్చి మండుతుంది. ప్రతి గొట్టంలోనూ బిగువుగా వత్తి ఉన్నంతవరకు మంట పైనే ఉంటుంది. వత్తి పొట్టిదైనా, వదులైనా, గొట్టం ఖాళీగా ఉన్నా మంట కిందికి దిగి ట్యాంకులోని ఆవిరిని అందుకునే అవకాశం ఉంది. మండుతుండగా, వేడిగా ఉండగా నూనె పోస్తే మరీ ప్రమాదం. దుకాణంలో పెట్రోలు కలిసిన నూనె అయితే ఆవిరి ఇంకా త్వరగా అంటుకుంటుంది. శుభ్రం చేయడమంటే పైన తుడవడం కాదు. వత్తుల చివర మసి కత్తిరించి సమం చేయాలి. ట్యాంకు అడుగున చేరిన నీరు, మడ్డి వంపేయాలి. పొట్టి వత్తులు మార్చాలి. మూడు పనుల్లో రెండింటికి సమయం కావాలి, మూడోదానికి డబ్బు కావాలి. ఈ రెండూ ఆమె చేతిలో లేనివే.

పంపు స్టవ్ వేరు. ఇత్తడి ట్యాంకులో గాలి కొట్టి ఒత్తిడి పెంచుతాం, నూనె ఆవిరై సన్నటి రంధ్రంలోంచి వచ్చి మండుతుంది. ఆ రంధ్రం మూసుకుపోతే పిన్నుతో పొడుస్తాం. ముందు గాలి వదిలి, చల్లారనిచ్చి పొడవాలి. వేడి మీద, ఒత్తిడి ఉండగా పొడిస్తే ఆవిరి మొహం మీదికి చిమ్ముతుంది. మంట రావడం లేదని పంపు కొడుతూ పోతే పాత ట్యాంకు అతుకులు తట్టుకోలేవు. ఈ స్టవ్ నిజంగా పేలవచ్చు. కానీ పేలితే ఆనవాలు ఉంటుంది. లోహం చీలుతుంది, ముక్క ఎగిరిపడుతుంది, గోడకో కప్పుకో దెబ్బ తగులుతుంది, పొయ్యి మీది గిన్నె తిరగబడుతుంది. పేలిన స్టవ్ మర్నాడు టీ కాయదు.

అందుకే "స్టవ్ పేలింది" అన్న మాట విన్న కార్యకర్త వెంటనే స్టవ్ ఎక్కడుందని అడగాలి. అది స్వాధీనం చేసుకున్నారా? ట్యాంకు ఎలా ఉంది, నూనె ఎంతుంది? దాని మీద గిన్నె ఉందా, గిన్నెలో ఏముంది? రాత్రి పదకొండు గంటలకు ఏ వంట? తలుపు గడియ లోపలి నుంచి ఉందా, బయటి నుంచా? ఆమె తలవెంట్రుకలకు కిరసనాయిలు వాసన ఉందా, లేక కొంగు దగ్గర నుంచి మంట పైకి పాకిందా? ఆర్పామని చెబుతున్నవాళ్ల చేతులు కాలాయా? ఇవి నేరాన్ని రుజువు చేసే సూత్రాలు కావు. ఒక్కో ప్రశ్నకు రెండు రకాల జవాబులూ ఉండవచ్చు. జవాబులను తూచవలసింది ఫోరెన్సిక్ నిపుణులు, కోర్టు. కానీ ప్రశ్నే వేయకపోతే తూచడానికి ఏమీ మిగలదు.

చట్టం మనకు కొంత చోటు ఇచ్చింది. అది ఊరికే రాలేదు, ఢిల్లీలో, హైదరాబాద్‌లో, ఇంకా ఎన్నో చోట్ల స్త్రీలు వీధుల్లోకి వస్తే వచ్చింది. 1983లో 498ఎ, 1986లో 304బి వచ్చాయి. పెళ్లయిన ఏడేళ్లలోపు స్త్రీ అనుమానాస్పదంగా మరణిస్తే మేజిస్ట్రేటు విచారణ జరపాలన్న నియమం కూడా 1983 సవరణతోనే వచ్చింది. 2024 జూలై 1 నుంచి ఇవి కొత్త చట్టాల్లోకి మారాయి. క్రూరత్వం భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షన్లు, వరకట్న మరణం 80వ సెక్షన్, మరణ విచారణ భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 194, 196 సెక్షన్లు. పాత నంబర్లు నోటికి వచ్చిన కార్యకర్తలు కొత్తవి కూడా రాసిపెట్టుకోవడం మంచిది. స్టేషన్లో నంబరు తప్పు చెబితే మొత్తం మాటే తప్పన్నట్టు చూస్తారు. మరణ వాంగ్మూలం విషయంలో, డాక్టరు ధ్రువపత్రం లేనంత మాత్రాన అది చెల్లకుండా పోదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2002లో చెప్పింది. ఢిల్లీలోని సుధా గోయల్ మరణం స్టవ్ వల్ల జరిగిన ప్రమాదమని ముద్దాయిలు వాదించారు. హైకోర్టు వాళ్లను విడుదల చేస్తే స్త్రీ సంఘాలు ఆందోళన చేశాయి. 1985లో సుప్రీంకోర్టు భర్తకు, అత్తకు యావజ్జీవ శిక్ష వేసింది. ఇన్ని జరిగినా జాతీయ నేర గణాంకాల సంస్థ 2022లో దేశం మొత్తం మీద నమోదు చేసిన వరకట్న మరణాలు 6,450. అన్నీ నిప్పుతో జరిగినవి కావు. ఇవాళ ఉరితాడు, పురుగుమందు ఎక్కువగా వినిపిస్తున్నాయి. వంటింటి సాక్ష్యం తగ్గిందేమో గాని, "ఆమే చేసుకుంది" అన్న మాట తగ్గలేదు.

ఇక మన కట్టెల పొయ్యి. అది పేలదు, నెమ్మదిగా చంపుతుంది. తెల్లవారుజామున బూడిద ఎత్తి, మట్టితో అలికి, ముగ్గు పెట్టే పనిలో ఒక అందం ఉందని మన సాహిత్యం ఎన్నోసార్లు చెప్పింది. ఆ బూడిద ఎత్తేటప్పుడు వచ్చే దగ్గు గురించి తక్కువ చెప్పింది. పొగలేని పొయ్యి ఆలోచన మన దగ్గర కొత్తది కాదు. హైదరాబాద్ ఇంజనీరింగ్ పరిశోధనాశాలలో ఎస్.పి.రాజు గారు తయారుచేసిన పొగగొట్టం పొయ్యి గురించి 1953లోనే పుస్తకం వచ్చింది. తరువాత కేంద్ర ప్రభుత్వం ఎనభైల మొదట్లో మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం మొదలుపెట్టి, కోట్ల సంఖ్యలో పొయ్యిలు కట్టించి, 2002లో ఆపేసింది. ఎందుకు నిలబడలేదు? పక్కనే ఒడిశాలో డ్యుఫ్లో, గ్రీన్‌స్టోన్, హన్నా అనే ఆర్థికవేత్తలు చేసిన అధ్యయనం ఒక జవాబు చెబుతుంది. మెరుగైన పొయ్యిలు ఇచ్చిన మొదటి ఏడాది ఆడవాళ్లు పీల్చే పొగ తగ్గింది. తరువాత ఆ తేడా పోయింది. పొయ్యిలను సరిగ్గా వాడటం, మరమ్మతు చేయించుకోవడం తగ్గిపోయింది. పొగగొట్టంలో మసి పేరుకుంటే తీయాలి. పగుళ్లు వస్తే పూడ్చాలి. కట్టించిన పథకానికి పద్దు ఉంది. ఏటేటా గొట్టం ఎక్కి మసి దులిపే మనిషికి పద్దు లేదు. ఆ పని "ఇంట్లోవాళ్లు" చూసుకుంటారని రాసేసి ఉంటారు. ఇంట్లోవాళ్లంటే ఎవరో మనకు తెలుసు. 2019 సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటి పని చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు ఆ పనిలో గడిపారు. చేసే మగవాళ్లు 97 నిమిషాలు. చేసే మగవాళ్లు నూటికి ఇరవై ఆరుగురే అన్నది కూడా గుర్తుంచుకోవాలి.

గ్యాస్ వచ్చాక మార్పు రాలేదని అనడం అన్యాయం. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం కింద డ్వాక్రా సంఘాల స్త్రీలకు గ్యాస్ కనెక్షన్లు వచ్చాయి. 2016లో కేంద్రం ఉజ్వల తెచ్చింది. కనెక్షన్ స్త్రీ పేరు మీదే. కాగితం మీద ఆమె వినియోగదారు. కానీ మెకానిక్ వస్తే "సార్ లేరా?" అంటాడు. ఈ మధ్య ఒక బస్తీలో స్త్రీల సమావేశంలో గ్యాస్ స్టవ్ విప్పి పెట్టి చూపించాం. వచ్చినవాళ్లలో ఒక పెద్దామె బర్నర్ చేతిలోకి తీసుకుని, "పద్దెనిమిదేళ్లుగా దీన్ని పీచు పెట్టి తోముతున్నా బిడ్డా, దీని కడుపులో ఏముందో ఇయ్యాల చూసిన" అంది. ఆ రోజు నేర్చుకున్నదాంట్లో కొంత ఇక్కడ రాస్తున్నాం. సంఘాల సమావేశాల్లో చదివి వినిపించవచ్చు.

శుభ్రం మొదలుపెట్టే ముందు స్టవ్ పూర్తిగా చల్లారాలి. నాబ్‌లు కట్టేస్తే చాలదు, రెగ్యులేటర్ కూడా కట్టేయాలి. బర్నర్ మూతలు తీసి వేడినీళ్లలో సబ్బో వంటసోడానో వేసి నానబెట్టాలి. ఇత్తడివైతే చింతపండు, నిమ్మచెక్క ఉండనే ఉన్నాయి. మూతకున్న రంధ్రాల్లో గంజి, పాలు పొంగి గట్టిపడితే సన్నని పిన్నుతో తీయవచ్చు, కానీ రంధ్రం వెడల్పు కాకూడదు. తడి పూర్తిగా ఆరాకే తిరిగి పెట్టాలి. లోపలి జెట్ జోలికి మనం పోకూడదు, అది మెకానిక్ పని. మంట నీలంగా ఉంటే సరే. పసుపుగా మారి గిన్నె అడుగున మసి పట్టిస్తుంటే గాలి సరిగా అందడం లేదని అర్థం. అప్పుడు గిన్నె తోమి తోమి చేతులు అరగదీసుకోకుండా స్టవ్ చూపించాలి.

గొట్టం సంగతి ఇంకా ముఖ్యం. ఐఎస్ఐ గుర్తు ఉన్న సురక్ష గొట్టానికి ఐదేళ్లే ఆయుష్షు, తేదీ దాని మీదే ఉంటుంది. దాన్ని తడిగుడ్డతో తుడవాలి. నూనె గుడ్డతో తుడవకూడదు, అందంగా ఉంటుందని పైన తొడుగు వేయకూడదు. వేస్తే పగులు కనబడదు. గ్యాస్ వస్తోందేమో చూడాలంటే సబ్బునీళ్లు రాసి బుడగలు వస్తాయేమో చూడాలి. అగ్గిపుల్ల గీసి చూసేవాళ్లు ఇంకా ఉన్నారు! బండ మెడ దగ్గర ఎ, బి, సి, డి అక్షరాల్లో ఒకటి, పక్కన సంవత్సరం ఉంటాయి. ఎ అంటే జనవరి నుంచి మార్చి, డి అంటే అక్టోబర్ నుంచి డిసెంబర్. ఆ గడువులోగా ఆ బండను మళ్లీ పరీక్షించాలి. గడువు దాటిన బండ తెస్తే తిప్పి పంపే హక్కు మనది. బరువు తూచి చూపించమని అడిగే హక్కూ మనదే, పద్నాలుగు కిలోల రెండు వందల గ్రాముల గ్యాస్‌కు డబ్బు ఇస్తున్నాం.

వాసన వస్తే? వంటగ్యాస్ గాలికన్నా బరువు. నేల మీద పాకుతుంది. పైన ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉందని స్విచ్ వేస్తే ఆ నిప్పురవ్వే చాలు. ఏ స్విచ్ వేయకూడదు, వేసి ఉన్నది తీయకూడదు. రెగ్యులేటర్ కట్టి, తలుపులు కిటికీలు తెరిచి, పిల్లల్ని తీసుకుని బయటికి వచ్చి, అప్పుడు 1906కు ఫోన్ చేయాలి. పాలు పొంగి మంట ఆరిపోయి, గ్యాస్ మాత్రం వస్తూనే ఉండటం మన ఇళ్లలో మామూలు. ఆ సమయంలో ఆమె ఎక్కడుంటుంది? పంపు దగ్గర నీళ్లు పడుతూనో, పిల్లవాడికి స్నానం చేయిస్తూనో ఉంటుంది. ఒకేసారి మూడు పనులు చేయగల నేర్పరి అని ఆమెను పొగడడం మానేస్తే మంచిది.

ఎవరైనా కాలితే చల్లని నీళ్లు, పారే నీళ్లు, ఇరవై నిమిషాలు. సిరా, పేస్టు వద్దు. అంటుకుపోయిన బట్ట పీకవద్దు.

ఈ జాగ్రత్తలన్నీ చెబుతుంటే ఆ బస్తీ సమావేశంలోనే ఒకామె అడిగింది: "స్టవ్ బండకన్నా ఎత్తులో పెట్టమంటున్నారు అక్కా. మాకు గట్టు ఎక్కడిది?" జవాబు చెప్పలేకపోయాం. ఒకటే గది. నేల మీద స్టవ్, పక్కనే బండ, వెనక పరుపు. ఇంటి యజమాని కడప రాయి వేయనివ్వడు. కిటికీ ఉంటే దొంగ భయం. అద్దె కాగితం లేదు గనుక కనెక్షన్ రాదు. చిన్న బండలో దొంగచాటుగా గ్యాస్ నింపించుకుంటారు. అలా నింపే కొట్టు కూడా ఇళ్ల మధ్యే. చిరునామా రుజువు లేకుండా గుర్తింపు కార్డు మీద ఐదు కిలోల బండలు చమురు సంస్థలు అమ్ముతున్నాయని చెబితే సగం మందికి తెలియదు. తెలిసినవాళ్లు ధర ఎక్కువన్నారు. భద్రత గురించి మనకు వచ్చే కరపత్రాలన్నీ గట్టు, కిటికీ, విడిగా వంటగది ఉన్న ఇంటిని ఊహించుకుని రాసినవి. ప్రభుత్వ గృహ పథకాల నమూనాల్లో వంటగట్టు, నేలకు దగ్గరగా గాలి పోయే దారి తప్పనిసరి చేయమని అడగడం స్త్రీల ఆరోగ్య డిమాండే. గృహనిర్మాణ శాఖ అధికారులకు ఈ మాట చెబితే నవ్వవచ్చు. నవ్వనివ్వండి.

ఇప్పుడు మరో వంటింటికి వెళదాం. అక్కడ గట్టు ఉంది, చిమ్నీ ఉంది, కేకు చేసే ఒవెన్ కూడా ఉంది. దాన్ని తోమేది మాత్రం ఆ ఇంటి మనిషి కాదు. నగరాల్లోని అపార్ట్‌మెంట్లలో పనిచేసే స్త్రీలు, కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్ వెళ్లి ఇళ్లలో పనిచేసే స్త్రీలు మనకు కొత్త కాదు. ఒవెన్ లోపల గడ్డకట్టిన కొవ్వును కరిగించే మందుల్లో చాలావాటిలో కాస్టిక్ సోడా ఉంటుంది. చర్మాన్ని కాలుస్తుంది, కంట్లో పడితే చూపుకే ముప్పు. డబ్బా మీద సూచనలు ఇంగ్లీషులోనో అరబ్బీలోనో. ఒవెన్ చల్లారకముందే, ప్లగ్ తీయకుండానే, తల లోపల పెట్టి తుడవమంటారు. చేతి తొడుగులు అడిగితే "నాజూకు" అంటారు. ఇంకా ఘోరం, త్వరగా మురికి పోతుందని బ్లీచింగ్ పౌడరు, యాసిడ్ కలిపి వాడించడం. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, తలుపు వేసిన గదిలో ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. గుడ్డ, గోరువెచ్చని సబ్బునీళ్లు, వంటసోడా ముద్ద పూసి రాత్రంతా వదిలేయడం, ఇవి చాలాసార్లు సరిపోతాయి. కాకపోతే వీటికి సమయం పడుతుంది. పనిమనిషి సమయం యజమానురాలి దృష్టిలో ఖర్చు, ఆమె ఊపిరితిత్తులు కావు. ఈ వాక్యం మనలో కొందరికి గుచ్చుకుంటుందని తెలుసు. సమావేశాలకు రావడానికి మనకు వీలు దొరికేది మన స్టవ్ మరొకరు తుడుస్తున్నందువల్లే.

ఇళ్లలో పనిచేసేవారికి సురక్షితమైన పనిస్థలం హక్కని అంతర్జాతీయ కార్మిక సంస్థ 189వ ఒడంబడిక 2011లో చెప్పింది. భారత్ దానికి అనుకూలంగా ఓటు వేసింది, ఇంతవరకు ధ్రువీకరించలేదు. కువైట్ 2015లో ఇంటి పనివారికి విడిగా చట్టం చేసింది, రోజుకు పన్నెండు గంటలకు మించకూడదంది. మన దగ్గర ప్రత్యేక చట్టం గురించి ఆలోచించమని సుప్రీంకోర్టు 2025 జనవరిలో కేంద్రానికి చెప్పింది. ఆ చర్చ జరిగినప్పుడు జీతం, సెలవులతో పాటు చేతి తొడుగులు, మందు డబ్బా మీద తెలుగులో సూచనలు, కాలినప్పుడు చికిత్స ఖర్చు యజమానిదే అన్న నియమం కూడా అడగాలి.

మరొక్క విషయం. గ్యాస్ ప్రమాదాల బాధితులకు చమురు సంస్థలు తీసుకున్న బీమా ఉంది. మనం విడిగా ప్రీమియం కట్టనక్కర్లేదు. పార్లమెంటుకు ప్రభుత్వం ఇచ్చిన సమాధానాల ప్రకారం మరణిస్తే మనిషికి 6 లక్షల రూపాయలు, చికిత్సకు మనిషికి 2 లక్షల దాకా. కాలి బతికిన స్త్రీలు పుట్టింటి బంగారం అమ్మి చికిత్స చేయించుకోవడం చూశాం, ఈ బీమా అడిగినవాళ్లను చూడలేదు. ప్రమాదం జరిగిన వెంటనే డీలరుకు రాతపూర్వకంగా తెలియజేసి, ఇచ్చినట్టు సంతకం, తేదీ తీసుకోవాలి. బండ, రెగ్యులేటర్, గొట్టం పారేయకూడదు. పాత ఇనుప సామానువాడికి అసలే అమ్మకూడదు. ఎఫ్ఐఆర్ నకలు, ఆసుపత్రి కాగితాలు, కనెక్షన్ పుస్తకం ఒకచోట పెట్టుకోవాలి. కనెక్షన్ ఆమె పేరు మీదే ఉంది గనుక దరఖాస్తు కూడా ఆమె పేరుతోనే వెళ్లాలి.

వచ్చే సంచికకల్లా జిల్లా సంఘాలు తమ ప్రాంతంలో ఇలాంటి దరఖాస్తులు ఎన్ని వెళ్లాయో, ఎన్నింటికి డబ్బు వచ్చిందో కనుక్కుని రాయాలని కోరుతున్నాం. గొట్టం తేదీ దాటిన ఇళ్లు మీ వీధిలో ఎన్ని ఉన్నాయో కూడా చూడండి. మా కార్యాలయంలో టీ కాచే స్టవ్ గొట్టం చూశాం. తేదీ దాటి రెండేళ్లయింది.